బొండాం వద్దన్న మనిషి

ముస్లిముల గురించి మా ఊళ్ళో ఎవరికి ఏ అనుమానం వచ్చినా నా అరుగు దగ్గరికే రావాలి. గొప్పకి చెప్పుకోవడం కాదు. తొమ్మిదేళ్ళు మస్కట్‌లో ఉన్నవాణ్ణి. ఒక షేకుగారి లోగిట్లో, ఆయన తివాసీ మీద కూర్చుని, ఆయన పళ్ళెంలోనే చెయ్యి పెట్టి తిన్నవాణ్ణి. "మా సంగతులు నీకు తెలిసినట్టు మా పిల్లలకి కూడా తెలియవు" అని ఆయన నా భుజం తట్టి అన్నాడు. అరబ్బీలోనే అన్నాడు. నాకు అర్థమైంది.

ఆ తొమ్మిదేళ్ళ మాట మళ్ళీ ఎత్తుకుంటాను. ముందు మా పైవాటా సంగతి చెప్పాలి.

కొత్తపేట నుంచి పలివెల వెళ్ళే దారిలో, కాలవ పక్కన మా ఇల్లు. కింద మేము, పైన రెండు గదుల వాటా, వెనక కొబ్బరిచెట్లు. నేను కాకినాడలో మా అమ్మాయి దగ్గరుండి కంటికి ఆపరేషను చేయించుకుంటున్న రోజుల్లో మా ఆవిడ ఆ పైవాటా అద్దెకిచ్చేసింది. నల్లద్దాలు పెట్టుకుని ఆటో దిగేసరికి మెట్ల కింద కొత్త చెప్పులున్నాయి. పైనుంచి కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది.

"ఎవరే?" అన్నాను.

"మొగుడూ పెళ్ళాం. అతను రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే మోటార్లు బాగుచేస్తాడు. పొద్దున్నే బండేసుకుని కాట్రేనికోన వైపు వెళ్ళిపోతాడు. ఆ అమ్మాయి జాకెట్లు కుడుతుంది" అంది మా ఆవిడ, నా చేతిలో సంచీ అందుకుంటూ.

"ఎవరని అడుగుతున్నాను."

"చెప్పేనుగా."

"అది కాదే. ఏమిటోళ్ళు అని."

"ఓహో, అదా. సాయిబులు. అమలాపురంలో ఇల్లు దొరక్క అల్లాడిపోయేరంట. ఖాళీగా ఉందండీ రండి అనడం, పేరు అడగడం, అయ్యో నిన్ననే ఎవరికో మాటిచ్చేశామండీ అనడం. ఊరు ఊరంతా నిన్ననే మాటిచ్చేసిందంట పాపం. మనం కూడా కాదంటే ఆ పిల్ల మిషను నెత్తిన పెట్టుకుని ఎక్కడికెళ్తుంది? అందుకని నేను మాటిచ్చేను. ఇహ మీరేం మాట్లాడకండి. కంట్లో మందు వేసుకునే వేళయింది."

మాట్లాడొద్దంది. అనుమానించొద్దని అనలేదు.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. పాలవాడి క్యాను మూత తీసి వాసన చూస్తాను. దింపువాళ్ళు చెట్టెక్కి గెలలు దించుతుంటే కింద నిలబడి చెట్టు చెట్టుకీ లెక్క చూస్తాను. అలాంటివాణ్ణి, పైగా ఈ విషయంలో ఊరందరికీ పెద్దదిక్కుని, నెత్తిన ఒక కాపరాన్ని పెట్టుకుని కళ్ళు మూసుకుంటానా? ఒక కంటికి కట్టు విప్పారు, రెండో కంటికి ఇంకా మంచు కమ్మే ఉంది. అయినా సరే, ఉన్న కంటితోనే మొదలుపెట్టాను.

ముందు చెత్తబుట్ట చూశాను. వాళ్ళు రోజూ మాంసం తింటారని లోకమంతటికీ తెలుసు కదా, ఎముకలుంటాయి. బుట్టలో ములక్కాడ పిప్పి, కంద తొక్కలు, బచ్చలి కాడలు, ఒకరోజు పనసకాయ చెక్కు. ఎముక ఒక్కటీ లేదు. సరిగ్గా అక్కడే నాకు అనుమానం ముదిరింది. ఎముకలు దాచేస్తున్నారంటే ఏదో ఉంది.

ఆ పనసకాయ చెక్కు చూసిన మధ్యాహ్నమే పైనుంచి ఒక గిన్నె దిగింది. పనసపొట్టు కూర, ఆవ పెట్టి. మా ఆవిడ మూత తీసి, వాసన చూసి, "మా అమ్మ చేసినట్టుంది" అని అన్నంలో కలుపుకుంది. నేను పెరుగుతోనే కానిచ్చాను. ఆవిడ తిని, పడుకుని, లేచి, మామూలుగా నన్ను తిట్టడం మొదలుపెట్టాక, ప్రమాదమేమీ లేదని తేల్చుకుని, గిన్నెలో మిగిలింది నేనూ తిన్నాను. బాగానే ఉంది.

తర్వాత పెళ్ళాల సంగతి. పైనుంచి ఒకామె చీరలో దిగి మా ఆవిడతో కబుర్లాడుతుంది. ఇంకొకామె నల్ల బురఖాలో దిగి, గేటు తీసుకుని, రోడ్డెక్కి బస్సు కోసం నిలబడుతుంది. ఇద్దరూ ఒక్కసారైనా కలిసి దిగగా నేను చూడలేదు. వాళ్ళకి పడదేమో అనుకున్నాను. ఈ మాట టీ బడ్డీ దగ్గర బావతో అన్నాను.

బావంటే చుట్టరికమేమీ లేదు. చిన్నప్పటి నుంచీ బావా అంటే బావా. కొబ్బరికాయల వ్యాపారం. ఫోనులో వచ్చిందంతా చదువుతాడు, చదివిందంతా నమ్ముతాడు, నమ్మిందంతా నాకు పంపుతాడు.

"రెండేనా? నాలుగు దాకా హక్కుంది బావా వాళ్ళకి. మిగతా రెండూ ఎప్పుడు దిగుతాయో" అన్నాడు బావ. "పైగా చూడు, రోజుకి అయిదుసార్లు మైకులో అక్బరు చక్రవర్తిని పొగుడుతారు. ఆయన పోయి ఎన్నాళ్ళయింది? ఇంకా ఆయనతో ఏం పని?"

నేను తల పంకించాను. మస్కట్‌లో తొమ్మిదేళ్ళున్నవాడు తల పంకిస్తే బడ్డీ దగ్గర ఇంకెవరూ నోరెత్తరు.

మర్నాడు బురఖా ఆమె గేటు దగ్గర ఎదురైంది. ఊరుకోబుద్ధి కాక, "అమ్మా, నువ్వు పెద్దావిడవా, చిన్నావిడవా?" అని అడిగేశాను.

బురఖా నా కేసి తిరిగింది. మొహం మీది గుడ్డ పైకెత్తింది.

"నేనేనండి బాబాయిగారూ. పిన్నిగారి జాకెట్లు కుట్టేదాన్ని. కొత్తపేట వెళ్ళి దారం రీళ్ళు తెచ్చుకుందామనండి."

"మరి చీరలో..."

"ఇంట్లో చీరండి, బయటికి ఇదండి. ఆయ్."

మా ఆవిడ వంటింట్లో నవ్విన నవ్వు గేటు దాకా వినబడింది. పెళ్ళాం ఒక్కతే అని తేలింది కదా, నా అనుమానం తగ్గిందనుకుంటారేమో. ఒక్కమనిషి రెండు వేషాల్లో ఎందుకు తిరుగుతోందని కొత్తది పుట్టింది. మా ఆవిడ ఇంట్లో పాత నేత చీరా, పెళ్ళికెళితే పట్టుచీరా కట్టుకుంటుందనే మాట నాకు అప్పట్లో తోచలేదు.

అతన్ని కూడా ఒకరోజు పట్టుకున్నాను. డాబా మీద నమాజు చేసుకుంటుంటే చూశాను. సాయంత్రం పడమటికి తిరిగాడు. మునిగే సూర్యుడికి మొక్కుతున్నాడనుకున్నాను. సెలవురోజు తెల్లారుతూ మళ్ళీ చూశాను. అప్పుడూ పడమరే, వచ్చే సూర్యుడికి వీపు పెట్టి. ఈ లెక్క ఎలా తేల్చినా తేలలేదు. మెట్లు దిగుతుంటే ఆపి అడిగాను.

"సూర్యుడికి కాదండి బాబాయిగారూ. మక్కా మనకి పడమరగా ఉందండి, అటు తిరుగుతాం. మక్కాకి అవతల ఉన్నవాళ్ళు తూర్పుకి తిరుగుతారండి."

"మరి అక్బరు?"

"ఏ అక్బరండి?"

చెప్పాను. అతను నవ్వు ఆపుకోవడానికి చేతిలో స్పానరు కేసి చూశాడు. "దేవుడు చాలా గొప్పవాడు అని ఆ మాటకర్థమండి. రాజుగారి పేరులో కూడా ఆ మాటే ఉంది, అంతేనండి. మీరు మస్కట్‌లో చాలా ఏళ్ళున్నారంట కదండీ, పిన్నిగారు చెప్పేరు."

"తెలుసులే. నీకు తెలుసో లేదో అని అడిగేను" అన్నాను.

"ఆయ్" అన్నాడు. ఆ "ఆయ్" మా గోదావరి వాళ్ళు వెయ్యి అర్థాలకి వాడతారు. అతను వాడింది ఏ అర్థమో అప్పట్లో నాకు పట్టలేదు.

మధ్యలో రంజాన్ వచ్చింది, వెళ్ళింది. పండగ పూట పైనుంచి సేమ్యా పాయసం వచ్చింది, జీడిపప్పు దండిగా వేసి. రెండు గ్లాసులు తాగాను. దాంతో ఉపవాసాల భాగవతం ఈ ఏటికి అయిపోయిందని లెక్క కట్టుకున్నాను. కథంతా ఈ లెక్క మీదే తిరిగింది.

మా పెరట్లో దింపు పెట్టించాం. దింపు రోజున మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఎండుకాయలు దించే ముందు చెట్టు మీంచి ఒక లేతగెల దించి, ఆ ఆవరణలో ఉన్నవాళ్ళందరికీ తలో బొండాం కొట్టిస్తాం. దింపువాడు, దారిన పోయేవాడు, అరుగు మీద కూర్చున్నవాడు, ఎవరైనా సరే తాగాలి. "బొండాం వద్దన్నవాడు మనవాడు కాదు" అని మా నాన్న అనేవాడు. ఇంకోటి కూడా ఉంది, అది మా ఇంటిదే కాదు, కోనసీమ అంతటిదీ. కొట్టిన బొండాం కొట్టినట్టే తాగాలి. కన్నం పెట్టాక ఉంచితే నీళ్ళు పులుస్తాయి. కొట్టిన బొండాం పక్కన పెట్టి కూర్చున్నవాడంటే ఇచ్చిన చేతిని కాదన్నవాడితో సమానం.

ఆ రోజు బొండాం కొట్టించి, గొట్టం పెట్టి, పైకి నేనే పట్టుకెళ్ళాను. పరీక్ష పెడదామనే పట్టుకెళ్ళాను, దాచడమెందుకు. వీళ్ళు మన చేతి నీళ్ళు తాగరని బావ ఆ వారంలోనే ఏదో పంపాడు.

ఆ అమ్మాయి మిషను దగ్గర ఉంది. బొండాం చూసి లేచి నిలబడింది.

"అయ్యో, మీరెందుకు మోసుకొచ్చేరు బాబాయిగారూ. అక్కడ పెట్టండి, కాసేపాగి తాగుతానండి."

"కాసేపేంటమ్మా? బొండాం ఆగుతుందా? తాగు."

"ఇప్పుడొద్దండి."

"నా ఎదురుగా తాగు, చూసి వెళతాను."

ఆ పిల్ల ఒకసారి బొండాం కేసి, ఒకసారి నా కేసి చూసింది. "కడుపులో బాగోలేదండి" అంది.

దిగి వచ్చేశాను. కింద అరుగు మీద కూర్చుని వింటున్నాను. జాకెట్లు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళతో ఆ అమ్మాయి పకపకా నవ్వుతోంది. కడుపులో బాగోలేని నవ్వు కాదది.

ఆ సాయంత్రం పెరట్లో అరటిచెట్ల మధ్య నిలబడ్డాను. కాలక్షేపానికి నిలబడ్డానని అప్పుడు అనుకున్నాను. డాబా పిట్టగోడ మీద నేనిచ్చిన బొండాం ఉంది. గొట్టం తీసేసి, పైన స్టీలు పళ్ళెం బోర్లించి ఉంది. పొద్దుగూకింది. ఆ అమ్మాయి పైకొచ్చి, గోడ పక్కన కూర్చుని, ఫోను చూసుకుంటోంది. ఫోనులోంచి ఏదో పిలుపు వినబడింది. రెండు చేతులూ ముందుకి చాపి, పెదాలు కదిపింది. నోట్లో ఏదో వేసుకుంది, ఏమిటో నా కంటికి ఆనలేదు. ఆ తర్వాత పళ్ళెం తీసి, బొండాం ఎత్తి, ఆపకుండా మొత్తం తాగేసింది.

పొద్దున కొట్టిన బొండాం. పొద్దుగూకాక. ఏదో చదివి మరీ.

మర్నాడు ఇంకో బొండాం పట్టుకెళ్ళాను. "కాసేపాగి తాగుతానండి." ఆ మర్నాడూ అంతే. ప్రతి సాయంత్రమూ అరటిచెట్ల దగ్గర నేను, డాబా మీద ఆ పళ్ళెం, ఆ చేతులు, ఆ పెదాలు. నాకు రూఢి అయిపోయింది. మన చేత్తో ఇచ్చింది మైలట. పగలంతా పక్కన పెట్టి, మంత్రించి, శుద్ధి చేసుకుని గానీ తాగరట.

బడ్డీ దగ్గర బావకి చెప్పాను.

"నేను పంపిందాంట్లో అచ్చం ఇదే ఉంది బావా" అన్నాడు బావ, టీ గ్లాసు కింద పెట్టి. "నీ నెత్తి మీద కూర్చుని, నీ చెట్టు కాయ తాగుతూ, నిన్ను మైలంటున్నారు. ఖాళీ చేయించు. ఎవరూ దొరక్కపోతే నేను చూస్తాను. మా అల్లుడు రొయ్యల మేత ఏజెన్సీకి ఆఫీసు గది వెతుకుతున్నాడు."

ఆలోచిస్తానన్నాను. ఆలోచించలేదు. ఆ సాయంత్రమే, అతను చెరువుల నుంచి వచ్చి బండి స్టాండేస్తుంటే అరుగు మీంచి పిలిచాను. చేతుల నిండా గ్రీజు. మెట్టు కిందే నిలబడ్డాడు.

"బాబూ, మా మనవడొస్తున్నాడు. పైవాటా కావాలి."

"ఆయ్" అన్నాడు. గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. "ఎప్పటికండి?"

"నెలాఖరుకి."

"మావల్ల ఏమైనా పొరపాటు జరిగిందాండి?"

"అబ్బెబ్బే. మనవడు. కుర్రాడు. చదువుకోవాలి."

అతను ఇంకేమీ అడగలేదు. అడిగినా బాగుండేది. "అలాగేనండి" అన్న తీరు చూస్తే ఈ మాట వినడం అతనికి అలవాటేనని తెలిసిపోయింది. అమలాపురంలో విన్నవాటి పక్కన దీన్నీ పెట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. కాసేపటికి పైన మిషను ఆగిపోయింది.

మర్నాడు కూడా మొదలవలేదు. జాకెట్ గుడ్డలతో వచ్చిన ఆడవాళ్ళు గుడ్డలతోనే దిగి వెళ్ళిపోయారు. కొత్తవి తీసుకోవట్లేదంట అని మా ఆవిడతో చెప్పారు. మా ఆవిడ పైకెళ్ళింది. చాలాసేపటికి దిగింది. కొబ్బరి కోరాం ముందేసుకుని, నా ఎదురుగా కూర్చుంది.

"ఏవండీ. మనవడొస్తున్నాడని చెప్పేరంట."

"చెప్పేను."

"ఏ మనవడండీ? మనకున్నది ఒక్క మనవరాలు. దానికి రెండేళ్ళు. అదొచ్చి పైవాటాలో కాపరం పెడుతుందా?"

చెప్పక తప్పలేదు. బొండాం, కడుపు నొప్పి, నవ్వులు, పళ్ళెం, మంత్రం, వరసగా అన్నీ చెప్పాను. వింటున్నంతసేపూ కొబ్బరి కోరుతూనే ఉంది. పూర్తయ్యాక చిప్ప పక్కన పెట్టింది.

"ఆ పిల్ల ఉపవాసమండీ."

"రంజాన్ అయిపోయిందిగా! పాయసం కూడా తాగేను. రంజాన్ దాటేక వాళ్ళకి ఉపవాసాలుండవు. ఆమాత్రం నాకు తెలీదా?"

"అదిగో. ఇలా అడుగుతారనే ఆ పిల్ల చెప్పలేదు." గొంతు తగ్గించింది. "ఆడదానికి నెలలో కొన్ని రోజులు ఉపవాసం పనికిరాదు కదా. మనకి నోము రోజున అదొస్తే వాయిదా వేసుకోమూ? వాళ్ళకీ అంతే. రంజాన్లో తప్పిపోయిన రోజులు తర్వాత వీలు చూసుకుని ఉండి తీర్చుకోవాలంట. నాకు చెప్పింది. మీకెలా చెబుతుంది? మెట్లెక్కొచ్చి మొహం ముందు బొండాం పెట్టి తాగు, నా ఎదురుగా తాగు అంటే, 'బాబాయిగారూ, నాకు ఫలానా రోజులు తప్పిపోయేయండి' అని లెక్క చెప్పాలా?"

నేను చూరు కేసి చూశాను.

"మరి ఆ మంత్రం?"

"ఉపవాసం విప్పేముందు దేవుణ్ణి తల్చుకోరా? కార్తీక సోమవారం నాడు, 'ఏవండీ, చుక్కొచ్చిందేమో చూడండి' అని మిమ్మల్ని పెరట్లోకి తోలుతాను. మీరు వచ్చిందే అన్నాక దణ్ణం పెట్టుకుని గానీ ముద్ద నోట్లో పెట్టను. ఇన్నేళ్ళూ నేను మీ అన్నానికి మంత్రం వేస్తున్నానా? వినండి. మీరిచ్చింది పారబొయ్యడానికి మనసొప్పక, పొద్దున కొట్టింది పొద్దుగూకేదాకా మూత పెట్టుకుని, పులిసినా సరే దాంతోనే ఉపవాసం విప్పింది. అంత మర్యాద మన పిల్లలు చేస్తారా మీకు?"

"మా నాన్న అనేవాడు, బొండాం వద్దన్నవాడు మనవాడు కాదని..."

"మావయ్యగారు షుగరొచ్చిన దగ్గర్నుంచీ పోయేదాకా బొండాం ముట్టుకోలేదు. ఆయన మనవాడు కాదా?"

ఇంకో దారి లేక, "మస్కట్‌లో అయితే..." అన్నాను.

మా ఆవిడ నా కేసి చూసింది. చిప్పలో కొబ్బరి అంతా అయిపోయినా మళ్ళీ కోరడం మొదలుపెట్టింది.

సరే, ఇప్పుడు మస్కటు మాట. తొమ్మిదేళ్ళు కాదు. రెండేళ్ళు కూడా నిండలేదు. ఉన్నది ఊరికి దూరంగా, ఇసుకలో, ఒక రేకుల షెడ్డు. నా గదిలో ఉన్నవాళ్ళంతా రాజోలు వైపు కుర్రాళ్ళు. రోజంతా పనిచేసి, వచ్చి గోదావరి గురించీ పులస గురించీ మాట్లాడుకునేవాళ్ళం. మా మేస్త్రి మలయాళీ, క్రైస్తవుడు. వంటవాడు తమిళుడు. నేను దగ్గరగా చూసిన అరబ్బు ఒక్కడే, విమానాశ్రయంలో నా పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టినవాడు. అతను తల కూడా ఎత్తలేదు. షేకుగారి కారు మా షెడ్డు ముందు నుంచి ఒకసారి దుమ్ము రేపుకుంటూ వెళ్ళింది, అద్దాలు ఎత్తి ఉన్నాయి. పళ్ళెమూ తివాసీ నేను వచ్చాక అల్లుకున్నవి. రంజాన్ గురించి నాకు అక్కడ తెలిసింది ఒక్కటే. పగలు క్యాంటీను మూసేసేవారు, మేము దుప్పట్లు కప్పుకుని రొట్టె తినేవాళ్ళం. ఉపవాసం ఉన్న ఆడదాన్ని నేను ఆ దేశంలో చూడనే లేదు. ఆమాటకొస్తే ఆడదాన్నే చూడలేదు.

ఇంత తెలిసినా ఆ పూటే పైకెళ్ళానా? లేదు. మా ఆవిడ చెప్పింది నిజమా, ఆ పిల్ల మా ఆవిణ్ణి కూడా బుట్టలో వేసిందా అని ఆ సాయంత్రం కూడా అరటిచెట్ల దగ్గర నిలబడ్డాను. డాబా మీద బొండాం లేదు. నేను ఇవ్వలేదుగా. పిలుపు వినబడింది, చేతులు చాపింది, గ్లాసుతో మంచినీళ్ళు తాగింది. మన చేతి బొండాం ఊసే లేదు, మంత్రం మాత్రం అదే. ఈసారి నా అనుమానానికి పట్టుకోవడానికేమీ దొరకలేదు.

నన్ను కదిలించింది మాత్రం బావే. మర్నాడు మధ్యాహ్నం అల్లుణ్ణి వెంటబెట్టుకుని, చేతిలో కొలిచే టేపుతో దిగాడు.

"బల్ల పడుతుందో లేదో కొలుచుకుందామని బావా."

"ఖాళీ అవుతుందని ఎవరు చెప్పేరు?"

"నువ్వేగా, ఆలోచిస్తానన్నావు."

"ఆలోచిస్తానంటే?"

"అంటే ఆలోచించే ఉంటావుగా ఈపాటికి. నాకు తెలీదేంటి నీ సంగతి."

అల్లుడు టేపు లాగడం, వదలడం చేస్తున్నాడు, టకటకా. నేను ఆ టేపు కేసి చూస్తూ లెక్క వేసుకున్నాను. మన చేతి నీళ్ళు తాగరన్న ముక్క బావ నాకు ఎప్పుడు పంపాడు? దింపు వారంలో. అల్లుడు గది వెతకడం ఎప్పుడు మొదలుపెట్టాడు? ఇంచుమించు అప్పుడే. పాలక్యాను మూత తీసి వాసన చూసేవాణ్ణి, టీ బడ్డీ దగ్గర మాత్రం పోసింది పోసినట్టు తాగేశాను. నాకు బావ మీద వచ్చిన అనుమానం ఇప్పటికీ పోలేదు. కాదంటాడు. ఫోను చూపించి ఒట్టేస్తాడు. ఆ ఫోను మీదే కదా నా అనుమానం.

"లేదు బావా, పైవాటా కుదరదు. మా మనవడొస్తున్నాడు" అన్నాను.

"నీకు మనవడెక్కడున్నాడు?" అన్నాడు బావ.

ఊళ్ళో అందరికీ నా కుటుంబం లెక్క నాకంటే బాగా తెలుసు. అయితే మొన్న సాయంత్రం గ్రీజు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డ అతనికి కూడా తెలిసే ఉంటుందని అప్పుడు తట్టింది. తెలిసి కూడా అలాగేనండి అన్నాడు.

బావ వెళ్ళాక మెట్లెక్కాను. మోకాళ్ళ నొప్పి, అయినా ఎక్కాను. గదిలో సామాను సగం మూటలు కట్టి ఉంది. మిషను మీద పాత దుప్పటి చుట్టారు. గుమ్మంలో నిలబడి, "అమ్మా, నాదే పొరపాటు. ఏదేదో అనుకున్నాను. క్షమించు" అన్నాను. ఆ అమ్మాయి కళ్ళొత్తుకుంది. అతను వచ్చి నా చెయ్యి పట్టుకుని, "అంత మాటెందుకండి" అన్నాడు. నేను కిందికి దిగేసరికి పైన మిషను చప్పుడు మొదలైంది.

ఆ తర్వాతి దింపుకి లేతగెల దించాం. ఈసారి ఆ అమ్మాయి బొండాం కింద కొట్టించలేదు. కాయ కాయలాగే పైకి పట్టుకెళ్ళి, పక్కన కత్తి పెట్టి, "ఇప్పుడా, సాయంత్రమా?" అని అడిగాను.

"ఇప్పుడేనండి" అంది. నా ఎదురుగానే కొట్టుకుని తాగింది. పూర్తిగా తాగిందా లేదా అని, ఖాళీ బొండాం కిందికి తెచ్చాక ఊపి చూశాను. పుట్టుకతో వచ్చింది అంత తేలిగ్గా పోదు.

ఇదంతా రాశాక వాళ్ళ గురించి రాసింది వాళ్ళకి వినిపించడం ధర్మమని, మొన్న ఆదివారం కాగితాలు పట్టుకుని పైకెళ్ళాను. మా ఆవిడ కూడా జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చి కూర్చుంది. అతను గుమ్మంలో పంపు మోటారు విప్పుకుని ఉన్నాడు. మొత్తం చదివాను. షేకుగారి పళ్ళెం దగ్గర నవ్వారు. "పెద్దావిడవా, చిన్నావిడవా" దగ్గర అతను మోటారు వదిలేసి మరీ నవ్వాడు. ఆడవాళ్ళ రోజుల ముక్క వచ్చినప్పుడు మా ఆవిడ నా కాగితం లాక్కోబోయింది. "ఉండనివ్వండి పిన్నిగారూ, తెలిస్తే మంచిదేగా" అంది ఆ అమ్మాయి.

చదవడం అయిపోయింది. ఎవరైనా బాగుందంటారని కాగితాలు సర్దుకుంటూ కాసేపు కూర్చున్నాను. ఆ అమ్మాయి సూదిలో దారం ఎక్కించుకుని, మిషను చక్రం మీద చెయ్యి వేసి, నా కేసి చూసింది.

"అన్నీ నిజమే రాసేరండి బాబాయిగారూ. మీ బావగారు వెళ్ళేక మెట్లెక్కినది మాత్రం అబద్ధమండి. మీరు పైదాకా రాలేదు. సగం మెట్ల మీద నిలబడి, 'మనవడు రావట్లేదులే' అని దిగిపోయేరు. క్షమించమని మీరు ఇవాళ్టికీ అనలేదండి."